పలికే పేరు

న్యాల్‌కల్ నుంచి వచ్చిన బస్సు జహీరాబాద్‌లో ఆగేదాకా ఆమె నీలమ్మే. పక్కన కూర్చున్న తల్లి శివమ్మ దారి పొడుగునా "నీలా, పిల్లకు గాలి తగుల్తుంది, కొంగు కప్పు", "నీలా, జర ఇటు జరుగు" అంటూనే వచ్చింది. పురిటికని పోయి పుట్టింట్లో ఉన్న ఇన్ని నెలలూ ఆ పిలుపే విని విని, తన పేరు తనదేనన్న ధైర్యం నీలమ్మకు మళ్ళీ కుదిరింది. ఆ ధైర్యం అత్తగారింటి గడప దాకానే నిలిచింది. బొంబాయి లారీలు పోయే పెద్ద రోడ్డు దాటి, సందులోకి తిరిగి, చంకలో అయిదు నెలల పిల్లతో వాకిట్లో కాలు పెట్టకముందే లోపలి నుంచి అత్త మహాదేవమ్మ గొంతు వినిపించింది.

"కళావతీ! వచ్చినవా బిడ్డా?"

"ఆఁ" అంది నీలమ్మ. 'వచ్చిన అత్తమ్మా' అనడానికి నోరు రాలేదు.

కళావతి అంటే ఆమె భర్త మల్లికార్జున్ మొదటి పెండ్లాం. పెరట్లో బావి దగ్గర అల్లం కడగడానికి నీళ్ళు చేదుతూ జారి పడిందని అందరూ అంటారు. తర్వాత ఆ బావిని బండలు పరిచి మూసేశారు. మనిషి పోయింది గాని పేరు పోలేదు. నీలమ్మ పెళ్ళినాడు పళ్ళెంలో బియ్యం పోసి, మల్లికార్జున్ చేతికి ఉంగరం ఇచ్చి, పెండ్లికూతురి కొత్త పేరు రాయమన్నారు. ఆ సరిహద్దు ఊళ్ళలో అత్తింటివాళ్ళు కోడలికి పేరు మార్చడం వింతేమీ కాదు. తానూ ఏ సువర్ణో, ఏ విజయలక్ష్మో అవుతాననుకుని నీలమ్మ సిగ్గుపడుతూ కూర్చుంది. మల్లికార్జున్ ఏమాత్రం తడుముకోకుండా బియ్యంలో 'కళావతి' అని గీశాడు. అందరు కోడళ్ళకూ కొత్త చీర పెట్టి, తనకు మాత్రం ఒకరు కట్టి విడిచిన చీర ఇచ్చినట్టనిపించింది. పైగా మెడలో పుస్తెల పక్కనే పోయినామె గుర్తుగా ఒక బంగారు బిళ్ళ. పండగపూట ఏది వండినా ముందు ఆ బిళ్ళకు చూపించి, తర్వాతే నోట పెట్టుకోవాలి.

పేరు గిట్టకపోవడానికి కారణాలు ఒక్కొక్కరికి ఒక్కో తీరు. నీలమ్మ మేనమామ శరణప్పకు చంద్రప్ప అన్న పేరు వింటే ఒళ్ళు మండుతుంది. ఎప్పుడో ఆ పేరుగల ఆసామి ఒకడు కుంటి ఎద్దును మంచిదని నమ్మించి ఆయనకు అంటగట్టాడు. ఆ ఎద్దు చచ్చి ఎన్నేళ్ళయినా, కూతురికి ఇంటికొచ్చిన బంగారం లాంటి సంబంధాన్ని పిల్లవాడి పేరు చంద్రప్ప అని తెలియగానే చాయ్ కూడా పోయకుండా సాగనంపాడు. ఆ ముచ్చట చెప్పుకుని న్యాల్‌కల్ అంతా నవ్వింది. నీలమ్మ కూడా నవ్వింది. తనకు కళావతి పేరు మీద ఉన్న కోపం అలాంటిది కాదు. ఆ మనిషి ఆమెకు ఏ అన్యాయమూ చేయలేదు. అసలు చూడనే లేదు. కాకపోతే ఎవరైనా "కళావతీ" అన్నప్పుడల్లా, ఇంకెవరినో పిలిచినట్టూ, ఆ ఇంకెవరో పలకలేరు గనక తాను అబద్ధంగా పలుకుతున్నట్టూ ఉంటుంది. రోజంతా అబద్ధమాడుతూ బతకడం ఎవరికైనా కష్టమే.

ఎర్రనీళ్ళు దిగదుడిచి, పిల్లను ఒళ్ళోకి తీసుకుని, వియ్యపురాలికి మంచినీళ్ళిచ్చిన తర్వాత మహాదేవమ్మ అసలు మాట బయట పెట్టింది.

"సోమవారం మంచిగుంది. పిల్లను తొట్టెల్ల ఏసి పేరు పెడ్దాం. పేరు గూడ అనుకున్న. కళావతి."

శివమ్మ నవ్వు మధ్యలో ఆగిపోయింది. మహాదేవమ్మ కోడలి వైపు చూసింది.

"ఇంట్ల ఇద్దరు కళావతులెట్లుంటరు అంటవేమో. నిన్ను ఇగ నీలమ్మనే అంటం. నీ పేరు నీకే. సరేనా?"

మూడేళ్ళుగా నీలమ్మ మొక్కని దేవుడు లేడు ఆ మాట కోసం. ఇప్పుడు అది చేతికొచ్చింది, కానీ బదులుగా పిల్లను అడుగుతోంది. ఆమె మింగలేక కక్కలేక అక్కడే నిలబడితే, శివమ్మ మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. పక్కకు తీసుకుపోయి చెవిలో, "ఇంకేం గావాలె బిడ్డా? నీ పేరు నీకొస్తుంది. పిల్లదేముంది, రేపు పెండ్లయితె దాని అత్తగారు మారుస్తరు" అంది.

మర్నాడు పొద్దున మల్లికార్జున్ పెరట్లో అల్లం బస్తాల మూతులు దబ్బనంతో కుడుతున్నాడు. అతను పెళ్ళయిన నాటి నుంచి పెండ్లాన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. 'ఏమే' తోనే కాపురం నడిపిస్తున్నాడు. నీలమ్మ పక్కన కూర్చుని బస్తా అంచు మడిచి పట్టుకుంది.

"పిల్లకు ఆ పేరొద్దు. మీ అమ్మకు జర చెప్పున్రి."

"మూడేండ్ల సంది నా పేరు నాకు గావాలె అని ఏడ్చినవు. ఇస్తమంటుంటె మల్ల ఇదేం లొల్లి?"

"నా మెడలకెల్లి తీసి పిల్ల మెడల ఏస్తమంటె ఎట్ల?"

"పేరేమన్న కరుస్తదా?" అన్నాడతను. కాని ఆ మాట అంటూ బండలు పరిచిన మూల వైపు చూడలేదు. దబ్బనం తప్పి వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, "అమ్మ మాటకు అడ్డం చెప్పుడు నాతోని కాదు" అన్నాడు.

మాఘమాసం. అల్లం తవ్వకాలు ఊపు మీదున్నాయి. చిరాగ్‌పల్లి దగ్గరి చేను నుంచి బండ్ల మీద వచ్చిన దుంపలు పెరట్లో కుప్ప పోసి ఉన్నాయి. మన్ను దులపాలి, వేర్లు గిల్లాలి, కణుపుల దగ్గర విరిచి మెత్తబడ్డవాటిని పారేయాలి. గట్టివి నీళ్ళ తొట్టిలో కడిగి ఆరబోయాలి. మంచి మొలక కన్నులున్న దుంపలను విత్తనానికి వేరే తీయాలి. ఇంట్లో ఎండ బాగా తగిలేది మూసేసిన బావి బండల మీదే గనక అల్లం ఆరబోసేదీ అక్కడే. ఆ పని నీలమ్మది. ఇన్నాళ్ళ తర్వాత మళ్ళీ పట్టుకోవడంతో మొదటి రోజే చేతులు మంటెత్తిపోయాయి. ఆ చేతులతో ఒకసారి తెలియక పిల్ల బుగ్గ ముట్టుకుంటే, పాపం అది ఊపిరి బిగబట్టి ఏడ్చింది. అప్పటి నుంచి పని చేస్తున్నంతసేపూ ఆమె తొట్టెల జోలికి పోదు. వసారాలో తొట్టెల పక్కన మహాదేవమ్మ కూర్చుంటుంది. పిల్ల ఏడిస్తే పెరటి వైపు గొంతెత్తి పిలుస్తుంది.

"కళావతీ!"

నీలమ్మ లేచి, చేతులు కడుక్కుని, మజ్జిగతో రుద్దుకుని, కొబ్బరినూనె రాసుకుని, మళ్ళీ కడుక్కుని వచ్చి పాలిస్తుంది. పడుకోబెట్టి పోతుంది. కాసేపటికి మళ్ళీ పిల్ల ఏడుపు, మళ్ళీ అత్త పిలుపు, మళ్ళీ పాలు. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే దాకా ఇదే వరస.

ఆ మధ్యాహ్నమే బీదర్ నుంచి ఆడబిడ్డ బస్వమ్మ దిగింది. మల్లికార్జున్‌కు అక్క. తొట్టెల నాడు పిల్ల చెవిలో పేరు చెప్పే హక్కు మేనత్తది. ఆమె నోట ఏ పేరు వస్తే పదిమంది చెవిన పడేది అదే. నీలమ్మకున్న ఒకే ఒక్క దారి ఆమె. బస్వమ్మ కాళ్ళు కడుక్కుని పెరట్లోకి వచ్చి, అడక్కుండానే కుప్ప దగ్గర కూర్చుని వేర్లు గిల్లడం మొదలుపెట్టింది.

"వదినె, మీ కాళ్ళు మొక్కుత. చెవుల ఇంకో పేరు చెప్పున్రి. రేణుక అని చెప్పున్రి" అంది నీలమ్మ చివరికి.

ఆడబిడ్డ కసురుతుందనుకుంది. బస్వమ్మ చేతిలో దుంప తిప్పుతూ, "నువ్వు చెప్పకున్నా అదే అనుకున్న పిల్లా. ఆ పేరు నా నోట రాదు" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నీలమ్మకు. ఈ మూడేళ్ళలో బస్వమ్మ తనను ఒక్కసారి కూడా కళావతి అనలేదు. ఎప్పుడూ 'పిల్లా', 'ఓ పిల్లా'. చిన్నచూపు అనుకుంది ఇన్నాళ్ళూ.

"ఎందుకు వదినె?"

"ఆఖరుసారి ఆ పేరు పెట్టి దొంగ అన్న గనక" అంది బస్వమ్మ. ఆమె చేతులు పని ఆపలేదు. "నా బిడ్డ మెడల గొలుసు కనవడలె. ఇంటి నిండ చుట్టాలు. అందరి ముంగట, కళావతే తీసింది, కళావతి దొంగ అన్న. అది ఒక్క మాట మాట్లాడలె. తెల్లారి జొన్నపిండి డబ్బల దొరికింది గొలుసు. చెప్దామనుకున్న. చెప్తె నా ఇజ్జత్ పోతదని మద్దినాల్దాక ఆగిన. మద్దినాల్దాక అది ఆగలె."

'జారి పడింది' అన్న మాట ఇద్దరి మధ్యా ఉండిపోయింది. దాన్ని ఎవరూ ఎత్తలేదు. నీలమ్మకు ఎదురుగా బండల మీద కడిగిన అల్లం తెల్లగా ఆరుతోంది. దొంగ అనిపించుకున్న పేరునా మూడేళ్ళుగా తాను మోస్తున్నది? అదే పేరునా సోమవారం తన బిడ్డకు పెట్టబోయేది? ఆమెకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి అల్లం చేతులని గుర్తొచ్చి ఆగింది.

"మీరు చెప్పినంక అత్తమ్మ ఊకుంటదా?"

"ఊకోదు. అందుకే ముందుగాల్ల ఆమెను నువ్వే అడుగు. నాకు మా అమ్మ కండ్లల్ల చూసే ధైర్యం లేదు" అంది బస్వమ్మ.

మర్నాడు మహాదేవమ్మ విత్తనపు అల్లం ఏరడానికి తానే పెరట్లోకి వచ్చింది. ఆ పని ఎవరికీ వదలదు. ఒక్కో దుంపనూ ఎండకు పట్టి, గోటితో గిచ్చి, కన్ను బాగుంటే ఒళ్ళో వేసుకుంటుంది. పిల్ల నిద్రపోతోంది. నీలమ్మ ధైర్యం కూడదీసుకుంది.

"అత్తమ్మా, పిల్లకు ఆ పేరెందుకు? ఉన్నదాన్ని నేనున్న గద, పలుకుతనే ఉన్న గద."

మహాదేవమ్మ తలెత్తలేదు. "పలుకుతవ్" అంది. "కాని కోపంతోని పలుకుతవ్."

నీలమ్మ వేర్లు గిల్లడం ఆపి తలెత్తింది.

"నాకు తెల్వదనుకున్నవా? 'ఆఁ' అంటవు, గాయింత గొంతుతోని. ముల్లు దిగినట్టుంటది." ముసలామె ఒక దుంపను చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. "ఆ పొద్దు గిట్లనే వసారల కూసోని పిలిచిన దాన్ని. కళావతీ, కళావతీ అని. పలుకలె. ముందటి దినం దొంగ అన్న మాటకు అలిగిందనుకున్న. అలిగితె అలిగె, ఎంతసేపు అలుగుతదో చూద్దామని పట్టుదలతోని పిలిచిన. తిట్టుకుంట పిలిచిన. నా గొంతు పోయేదాక పిలిచిన. అది అప్పటికే గీ బండ కింది బాయిల ఉన్నది."

వసారాలో తొట్టెల గొలుసు కిర్రుమంది. ఇద్దరూ అటు చూశారు. పిల్ల కదిలి మళ్ళీ పడుకుంది.

"నిన్ను చేసుకున్నంక ఆ పేరు ఎందుకు పెట్టిచ్చిన అనుకుంటున్నవు? పిలిస్తె ఎవలన్న పలుకాలె నాకు. పలుకకుంటె పానం ఉండది. నువ్వు పలికితె జర నిమ్మలం. కాని నువ్వు కోపంతోని పలుకుతవు. అది గూడ గట్లనే, కోపంతోనే పోయింది." మహాదేవమ్మ మొదటిసారి కోడలి కళ్ళలోకి చూసింది. "పుట్టిన సంది అదే పేరైతె, పిల్లకు కోపమెందుకుంటది? మంచిగ పలుకుతది. చచ్చేలోపల ఒక్కసారి మంచిగ పలుకుడు విందామని."

గయ్యాళి అత్తయితే ఎదురు తిరిగి పోట్లాడవచ్చు. కట్టుబాటంటే కులపెద్దల దగ్గర పంచాయితీ పెట్టించవచ్చు. ఎదురుగా ఉన్నది భయంతో వణికే ముసలి మనిషి. ఆమెతో ఎట్లా కొట్లాడాలో నీలమ్మకు తెలియలేదు. జాలి వేసింది. ఆ జాలికి తన మీద తనకే కోపమొచ్చింది. అయినా తల్లి మనసు గదా, బేరానికి దిగింది.

"నేనే మంచిగ పలుకుత అత్తమ్మా. మీరు ఎన్నిమాట్ల పిలిస్తె అన్నిమాట్ల. కోపం లేకుంట. నా పేరు నాకొద్దు, నేనే కళావతిగ ఉంట. పిల్లకు మాత్రం రేణుక అని పెట్టనియ్యున్రి."

మహాదేవమ్మ చేతిలోని దుంపను ఒళ్ళో వేసుకుంది. "చూద్దాం. ముందుగాల్ల పలుకు" అంది.

అప్పటి నుంచి నీలమ్మ పలకడం నేర్చుకుంది. వసారా నుంచి "కళావతీ!" అనగానే "వచ్చిన అత్తమ్మా" అంటుంది. మొదట ఆ మాట గొంతులో గరగరలాడింది. రెండోసారి కాస్త మెత్తబడింది. పిల్లకు జోల పాడే గొంతుతో అంటే సులువుగా వస్తుందని కనిపెట్టింది. ఆ గొంతుతోనే అంటూ, చేతులు కడుక్కుని, "వచ్చిన, వచ్చిన" అంటూ నవ్వు ముఖంతో తొట్టెల దగ్గరికి వచ్చేది. పిల్ల కాళ్ళాడించేది. ముసలామె ముఖంలో ముడతలు కొంచెం సడలేవి. పిలవాల్సిన పనిలేకున్నా పిలిచేది. నీలమ్మ పలికేది. సోమవారం పొద్దుటికి ఆ గొంతు ఆమెకు ఎంత అలవాటయిందంటే, అది నటన అన్న సంగతి తనకే గుర్తు లేదు.

తొట్టెలకు బంతిపూల దండలు కడుతుంటే మహాదేవమ్మ కూతురిని పిలిచి, నీలమ్మ వినేటట్టే అంది: "రేణుక అనే చెప్పు. కోడలు మాట నిలవెట్టుకున్నది."

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తొట్టెల చుట్టూ చేరారు. పిల్లను తొట్టెల కింది నుంచీ పై నుంచీ చేతులు మార్చి పడుకోబెట్టారు. బస్వమ్మ వంగి పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి "కుర్‌ర్‌ర్" అనగానే, వాడుక ప్రకారం ఆడవాళ్ళంతా నవ్వుతూ ఆమె వీపు మీద దబదబ గుద్దారు. బస్వమ్మ ఆ గుద్దులకు వీపు మరింత వంచింది. లేచి, "రేణుక" అంది గట్టిగా. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి, గట్టిగా గుద్దామేమోనని పొరుగామె నొచ్చుకుంది. గుగ్గిళ్ళు పంచారు. నీలమ్మ గడప దగ్గర కూర్చుని పిల్ల పేరును మనసులోనే మళ్ళీ మళ్ళీ అనుకుంది. తనకేం పోయినా పోయింది, బిడ్డకు కొత్త చీర దొరికింది. ఆ పూట ఆమె కడుపు నిండా తిన్నది.

మంగళవారం పొద్దున శివమ్మ న్యాల్‌కల్ బస్సుకు బయలుదేరింది. వాకిట్లో నిలబడి, "నీలా, పోయొస్త" అంది. అల్లం గంప ఎత్తుకుంటున్న నీలమ్మ తిరిగి చూడలేదు. "నీలా!" అంది శివమ్మ మళ్ళీ. వినపడనంత దూరమేమీ కాదు. చివరికి దగ్గరికొచ్చి భుజం మీద చేయి వేస్తే, "ఏందవ్వా?" అంది ఉలిక్కిపడి. శివమ్మ కూతురి ముఖం చూసి, సంచి పట్టుకుని రోడ్డెక్కింది.

బస్వమ్మ కూడా ఊరికి పోవడానికి సామాను సర్దుకుంటోంది. వసారాలో పిల్ల లేచి ఏడుపు లంకించుకుంది. మహాదేవమ్మ తొట్టెల ఊపుతూ ఎప్పటిలాగే పెరటి వైపు గొంతెత్తింది.

"కళావతీ!"

బండల మీద అల్లం పరుస్తున్న నీలమ్మ నోరు తెరిచింది. అంతలో వసారాలో ఏడుపు ఠక్కున ఆగింది. పిల్ల తల తిప్పి ముసలామె నోటి వైపు చూసి, "ఊఁ" అంది.

మహాదేవమ్మ చేతిలో తొట్టెల తాడు ఆగిపోయింది. ఈసారి పెరటి వైపు కాదు, తొట్టెలలోకి వంగి, నెమ్మదిగా అంది: "కళావతీ."

పిల్ల బోసినోటితో నవ్వి కాళ్ళు తన్నింది. "ఊఁ, ఊఁ" అంది.

"పలికింది" అంది మహాదేవమ్మ. ఆమె ముడతల మీంచి కన్నీళ్ళు కారుతున్నాయి. "బస్వా, చూసినవా, పలికింది. కోపం లేకుంట పలికింది."

బస్వమ్మ గడపలోకి వచ్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నీలమ్మ అల్లం చేతులతోనే వసారా మెట్టు దాకా పరుగెత్తుకొచ్చింది. "అది పేరనుకోని కాదు అత్తమ్మా. మీరు గట్ల పిలిస్తె నేనొచ్చి పాలిస్త గద, గందుకే దానికి..." అంటూ ఆగిపోయింది. మాట సగంలో తనకే అర్థమైంది. ఆ పిలుపు వినగానే పాలొస్తాయని, అమ్మ నవ్వుతూ వస్తుందని పిల్లకు నేర్పింది ఎవరు? రోజంతా తీయగా పలికి పలికి నేర్పింది తానే. దాని చిన్ని లోకంలో అంతకంటే మంచి మాట ఇంకొకటి లేదు. రేణుక అన్న పేరు అది ఒకేసారి విన్నది, అదీ వీపు మీద గుద్దుల చప్పుడులో.

మహాదేవమ్మ ఆ మాటలేవీ వినలేదు. తొట్టెలలోకి వంగి పిలుస్తూనే ఉంది. పిల్ల పలుకుతూనే ఉంది. నీలమ్మ ఎత్తుకోబోయి, మన్ను కొట్టుకున్న చేతులు చూసుకుని వెనక్కి తగ్గింది. నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి చేతులు ముంచింది. మజ్జిగతో రుద్దుకుంది. నూనె రాసుకుంది. ఎంత తొందరపడినా ఆ మంట తొందరగా పోయేది కాదు.

పిల్ల మళ్ళీ రాగం తీసింది. వసారా నుంచి ముసలామె పిలిచింది. ఇన్నేళ్ళలో ఆ గొంతులో అంత నిమ్మళం నీలమ్మ ఎన్నడూ వినలేదు.

"నీలమ్మా! జల్ది రా బిడ్డా. కళావతికి ఆకలైతుంది."

ఈ ఇంట్లో ఒక్కసారి, అత్తింటివాళ్ళ నోట ఒక్కసారి వినాలని మూడేళ్ళు మొక్కుకున్న పేరు అది. నీలమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"వచ్చిన అత్తమ్మా" అంది. నేర్చుకున్న ఆ తీయని గొంతే వచ్చింది.